పెద్దవాళ్ళ కాళ్ళవాపు



కిందటి సంక్రాంతికి మా అత్తగారి కాలిమెట్టెలు వేళ్ళకు బిగుసుకుపోయాయి. సబ్బునురగ రాసినా ఊడిరాలేదు. "పెద్దతనం కదమ్మా, నీరు దిగింది" అని ఆవిడ మంచినీళ్ళు తాగడం తగ్గించేశారు. నేనూ సరే అనుకున్నాను. అదే నా పొరపాటు. నీరు దిగడానికి కారణాలు చాలా ఉన్నాయి.

కాళ్ళలోని రక్తం గుండెకు ఎదురెక్కాలి. పిక్కల కండరాలు దాన్ని పైకి నెడితే, సిరల్లోని చిన్న కవాటాలు కిందికి జారకుండా ఆపుతాయి. వయసు మీదపడ్డాక అవి వదులుకావచ్చు. అందుకే రోజంతా కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నవారికి సాయంత్రం వాపు కనబడి, తెల్లవారేసరికి తగ్గుతుంది.

వాపుతోపాటు ఆయాసం వస్తున్నా, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటున్నా గుండెను చూపించాలి. పొద్దున్నే కళ్ళచుట్టూ ఉబ్బు, మూత్రంలో నురగ ఉంటే మూత్రపిండాలను అనుమానించాలి. పొట్టకూడా ఉబ్బితే కాలేయం సంగతి చూడాలి.

ఇక మందులు. మా అత్తగారికి రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మోతాదు పెంచిన కొద్ది వారాలకే వాపు మొదలైందట. పక్కింటావిడ ఆ మాట అనగానే మాత్ర మానేయబోయారు. "ఆగండి అత్తయ్యగారూ" అని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పరీక్షలు చేయించి, మాత్ర మార్చారు. వాపు తీసింది. మనంతట మనం మానేస్తే రక్తపోటు పెరిగి పక్షవాతమే రావచ్చు. మోకాళ్ళనొప్పులకు షాపులో కొనుక్కునే బిళ్ళలు కూడా ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవేస్తాయి. డాక్టరుకు అవీ చెప్పాలి.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే నూనె రాసి మర్దనా చేయకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏళ్ళతరబడి మెల్లగా లావెక్కే కాలైతే బోదకాలేమో చూపించాలి.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. ముంగాలి ఎముకమీద బొటనవేలితో కాసేపు నొక్కి చూడండి. గుంట పడి నిలిస్తే నీరు చేరినట్టే. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. ఊరగాయ, అప్పడం అందులో లెక్కే! పడుకున్నప్పుడు కాళ్ళకింద తలగడ పెట్టండి. అయితే పడుకుంటే ఆయాసం వచ్చేవారికి డాక్టరును అడిగే పెట్టాలి. డాక్టరు చెబితే తప్ప మంచినీళ్ళు మాత్రం తగ్గించకండి.

రేపు అత్తగారికో, అమ్మకో కాఫీ అందించేటప్పుడు ఒక్కసారి వాళ్ళ కాళ్ళవైపు చూడండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.