గుడిబండె అభ్యర్థి సీవీ: పేరు, ఊరు, మాతృభాష

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడే, కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లా గుడిబండె, బాగేపల్లి, చింతామణి తాలూకాల యువతీయువకులు బెంగుళూరు కంపెనీలకు పంపే సీవీ, అనగా చదువునూ అనుభవాన్నీ నైపుణ్యాలనూ ఒకటి రెండు పేజీల్లో తెలిపే వివరపత్రం, వారి అర్హతలతో పాటు ఎవరూ అడగని సంగతులను కూడా చెబుతుంది. పేరు చివర రెడ్డి, గౌడ, శెట్టి అన్న మాట ఉంటే కులం, ఖాన్, బేగం అని ఉంటే మతం, చిరునామాను బట్టి పల్లెటూరు చదివేవారి కంటబడతాయి. అర్హతతో సంబంధం లేని ఇలాంటి గుర్తులను బట్టి ఒకరిని పిలిచి మరొకరిని పక్కన పెట్టడమే నియామకాల్లో వివక్ష.

ఉద్యోగాల్లో వివక్షను గురించిన ఈ వాదం ఈ జిల్లాకు కొత్తది కాదు. చిక్కబళ్ళాపుర దగ్గరి ముద్దేనహళ్ళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రలోని మోక్షగుండం ఊరిపేరునే ఇంటిపేరుగా నిలుపుకున్న విశ్వేశ్వరయ్య 1912 నుంచి మైసూరు దివానుగా ఉండగా, ప్రభుత్వోద్యోగాలు అత్యధికంగా బ్రాహ్మణులకే దక్కుతున్నాయన్న ఫిర్యాదుపై 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్న విశ్వేశ్వరయ్య కులాన్ని బట్టి ఉద్యోగాలు కేటాయించే విధానంతో విభేదించి పదవి వదులుకున్నారు. కమిటీ మాత్రం ఏడేళ్లలోగా పై ఉద్యోగాల్లో కనీసం సగం, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు ఇతర వర్గాలకు దక్కాలని 1919లో సిఫారసు చేసింది. ప్రతిభను కొలిచేవారే పక్షపాతులైతే ఏమి చేయాలన్న ప్రశ్నకు దివానుగారి వాదనలో జవాబు లేదు.

ఆ పక్షపాతాన్ని లెక్కగట్టినవారిలో పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ముఖ్యులు. అర్హతలు సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చిన దరఖాస్తులను పంపి, వచ్చిన పిలుపులను పోల్చే పద్ధతిని కరస్పాండెన్స్ అధ్యయనం అంటారు. 2005 అక్టోబరు మొదలుకొని 66 వారాలపాటు, 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి, 2007లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే సంభావ్యతా నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 మాత్రమే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్ట్రాండ్ తదితరులు ఢిల్లీ పరిసరాల్లో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో కులాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు గానీ, మాటతీరుకు విలువ ఎక్కువగా ఉండే కాల్‌సెంటర్లలో వెనుకబడిన తరగతుల పేర్లకు పిలుపులు తగ్గాయి. నైపుణ్యం కాగితంమీద రుజువయ్యే చోట పేరుకున్న బలం తగ్గుతుందని దీన్నిబట్టి ఊహించవచ్చు.

అందుకే గుడిబండె అభ్యర్థి తన సీవీలో మొదట తీసివేయవలసినది జిరాక్స్ అంగడిలో దొరికే పాత నమూనాను. అందులో తండ్రి పేరు, మతం, కులం, పెళ్లయిందా లేదా అన్న గడులు పెళ్లి సంబంధాల బయోడేటా నుంచి దిగివచ్చినట్టే ఉంటాయి. అడుగున పై వివరాలన్నీ సత్యమన్న ప్రమాణం, స్థలం, తేదీ, సంతకం ఎలాగూ తప్పవు. వీటిలో ఏదీ పనితనాన్ని తెలపదు. చింతామణి పట్టుపరిశ్రమ కళాశాలలో చదివిన అమ్మాయి కష్టపడే స్వభావం గలదాన్నని రాయడం కంటే, ఎన్ని పట్టుపురుగు గుడ్ల పంటను చాకీ అనే లేత పురుగుల దశ నుంచి చంద్రికలనే తట్టల మీద గూళ్లు కట్టేదాకా చూసుకున్నదో, దిగుబడి ఎంత వచ్చిందో రాస్తే అది రుజువవుతుంది. ఇంటి తోటలో చేసిన పని అనుభవం కిందికి రాదన్న మొహమాటం ఈ ప్రాంతంలో మరీ ఎక్కువ.

భాషల వరుస ఇక్కడ సున్నితమైనది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించి, పరిశ్రమల అభ్యంతరంతో కొద్ది రోజుల్లోనే నిలిపివేసిన బిల్లు, ప్రైవేటు సంస్థల నిర్వహణ ఉద్యోగాల్లో 50 శాతం, ఇతర ఉద్యోగాల్లో 70 శాతం స్థానికులకు ఇవ్వాలంటూ, రాష్ట్రంలో పుట్టి 15 ఏళ్లుగా నివసిస్తూ కన్నడం మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చినవారిని స్థానికులుగా నిర్వచించింది. ఆ లెక్కన ఇక్కడ పుట్టి పెరిగి కన్నడం చదివిన తెలుగువారు నూటికి నూరుపాళ్లు స్థానికులే. అయినా వారి యాస వినగానే ఆంధ్రా నుంచి వచ్చారా అని అడిగేవారికి బెంగుళూరులో కొదవ లేదు. తెలుగును దాచవలసిన పనిలేదు, పదో తరగతి (ఎస్.ఎస్.ఎల్.సి.)లో కన్నడం చదివిన సంగతిని దాని పక్కనే స్పష్టంగా రాస్తే చాలు.

అయితే భారమంతా అభ్యర్థి మీదే వేయడం అన్యాయం. షికాగో, బోస్టన్ నగరాలలో బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ జరిపి 2004లో ప్రచురించిన ప్రయోగంలో సీవీ మెరుగుపడేకొద్దీ శ్వేతజాతి పేర్లకు పిలుపులు బాగా పెరిగాయి, నల్లజాతి పేర్లకు అంతగా పెరగలేదు. 2011లో వెలువడిన ఫిలిప్ ఒరియోపౌలస్ అధ్యయనం ప్రకారం టొరంటోలో భారతీయ పేర్లకు కూడా పిలుపులు తగ్గాయి. కెనడా అనుభవం తప్పనిసరి అనడం ప్రాథమికంగా చూస్తేనే వివక్ష కిందికి వస్తుందని ఒంటారియో మానవహక్కుల కమిషన్ 2013లో తేల్చింది. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. ఉద్యోగాల్లో సమానావకాశానికి హామీ ఇచ్చే భారత రాజ్యాంగపు 16వ అధికరణ మాత్రం ప్రభుత్వోద్యోగాలకే పరిమితం.

విదేశాల్లో పేరు వల్ల నష్టపోయిన తెలుగువారిలో కొందరు ఇప్పుడు ఇతరుల సీవీలు వడపోసే స్థానాల్లో ఉన్నారు. వారు మొదటి వడపోతలో పేరునూ ఊరినీ కప్పి చదవాలి, ఇంటర్వ్యూలో అందరినీ ఒకే ప్రశ్నలు అడగాలి, తండ్రి ఏమి చేస్తారన్న ప్రశ్నను పూర్తిగా మానుకోవాలి.