ఆరు సిలిండర్ల లెక్క మనోళ్లకు ఎర్కుండాలె

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు గల్ఫ్‌ల డ్రైవర్ పని జేసొచ్చినోళ్లను అడుగుండ్రి. నిస్సాన్ ప్యాట్రోల్ 4.8 లీటర్ బండి, పాత ల్యాండ్ క్రూయిజర్ 4.5 లీటర్ పెట్రోల్ బండి గురించి చెప్పుకుంట మురిసిపోతరు. ఇసుక దిబ్బ ఎక్కినా ఇంజన్ వణకదంటరు. రెండిట్ల ఒక్క తీరు ఇంజనే. ఆరు సిలిండర్లు ఒక్క వరుసల ఉంటయి. దాన్నే స్ట్రెయిట్ సిక్స్ అంటరు. మన రోడ్ల మీద తిరిగే పెద్ద లారీలల్ల గూడ శానవాటికి గీ వరుస ఆరే ఉంటది.

మరి ఎందుకు వణకది? ఇండ్ల మంత్రం లేదు, లెక్క ఉన్నది.

నాలుగు సిలిండర్ల ఇంజన్ల రెండు పిస్టన్లు మీదికి పోతె రెండు కిందికొస్తయి. సరిపోయింది కదా అనిపిస్తది. కానీ కనెక్టింగ్ రాడ్ ఒరుగుతది కాబట్టి పిస్టన్ మీది సగంల జోరుగ, కింది సగంల జర నిమ్మలంగ కదుల్తది. ఆ తేడా క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఇంజన్‌ను ఊపుతది.

ఆరు సిలిండర్లల్ల 1-6, 2-5, 3-4 జోడీలుగ కదుల్తయి. జోడీకి జోడీకి నడుమ 120 డిగ్రీల ఎడం. అందుకే మూడు జోడీల ఊపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. ముంగటి మూడు, ఎనకటి మూడు అద్దంల బొమ్మలోలె ఉంటయి గనుక ఇంజన్ ముందుకెనక్కి గూడ ఊగది. క్రాంక్ రెండు చుట్లు అంటె 720 డిగ్రీలు. దాన్ని ఆరుతోని భాగిస్తె 120. ప్రతి 120 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతది. మండే వరుస 1-5-3-6-2-4. వాల్వ్ సెట్టింగ్ జేసేటప్పుడు మన మెకానిక్‌లు నోటికి చెప్పే నంబర్లు గవే.

దీని లోపం పొడుగు. ఇంజన్‌ను అడ్డంగ పెట్టే చిన్న కార్లల్ల పట్టుడు కష్టం. పొడుగు క్రాంక్ మెలి తిరుగుతది, గందుకే ముంగట డ్యాంపర్ పుల్లీ పెడ్తరు. మెర్సిడెస్ కంపెనీ 1990ల ఆఖర్ల వీ ఆకారం ఇంజన్లకు మారి, 2017ల మళ్ల వరుస ఆరుకే వచ్చింది. బీఎండబ్ల్యూ అయితె 1968 నుంచి ఇడిసిపెట్టనే లేదు.

తమ్ముళ్లూ, గీ లెక్కకు పెద్ద కాలేజీ ఫీజు అక్కర్లేదు. బడిల నేర్చిన కోణాలు సాలు. మనం పోరగాండ్లకు బోల్టు ఎట్ల ఇప్పాల్నో నేర్పుతున్నం, అది ఆడ ఎందుకున్నదో చెప్తలేం. ఎందుకో తెల్వకుంటె జిందగంత ఇంకొకల చేతికింద పానాలు అందిచ్చుడే. తెలిస్తె ఇంజన్ చప్పుడు ఇని రోగం పట్టొచ్చు, కూలి మనమే చెప్పొచ్చు. రేపు షెడ్డుల లారీ ఇంజన్ ఇప్పితె దగ్గర నిలవడి క్రాంక్ సూడుండ్రి, ఆ మూడు జోడీలు లెక్కవెట్టుండ్రి. నడిపెటోళ్లల్ల, రిపేర్ జేసెటోళ్లల్ల మనోళ్లు మస్తుగున్నరు. ఇంజన్ బొమ్మ గీసెటోళ్లల్ల గూడ ఉండాలె.