దివిసీమ దారిలో చేపల భోజనం

బందరు వైపు వెళ్తున్నారా? అయితే చేపల కూర తినకుండా రాకండి! కానీ రంగుల బోర్డు చూసి మాత్రం ఏ హోటల్లో పడితే ఆ హోటల్లో కూర్చోకండి. ఎందుకంటారా? వినండి.

రెండేళ్ళ క్రితం మా ఆడపడుచు కుటుంబంతో మంగినపూడి బీచికి వెళ్ళి వస్తూ దారిలో ఒకచోట వంజరం వేపుడు తిన్నాం. ముక్క నోట్లో పెట్టగానే నాలుక చురుక్కుమంది. డబ్బులిచ్చేది అన్నయ్యగారాయె, మొహమాటపడి ఊరుకున్నాను. అరగంటకే మా అమ్మాయి మొహం ఎర్రబడింది. ఒళ్ళంతా దురద, తలనొప్పి! వంజరం, కానాగంత లాంటి చేపల్ని ఐసులో పెట్టకుండా వదిలేస్తే హిస్టమిన్ అనే పదార్థం పుడుతుందనీ, ఎంత వేయించినా అది పోదనీ డాక్టరుగారు చెప్పారు. అంటే మసాలా దట్టించినా లాభం లేదన్నమాట!

అప్పటినుంచీ నేను హోటల్లో అడిగే మొదటి ప్రశ్న, "ఈరోజు ఏం చేప వచ్చింది?" అని. రెండు మూడు పేర్లు చెప్తే కూర్చుంటాను. అన్నీ ఉన్నాయంటే అనుమానమే! వండకముందు చేప చూపించమనండి. కళ్ళు మెరుస్తూ ఉబ్బుగా ఉండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేవాలి. రొయ్యకి తల ఊడిపోతుంటే వద్దనండి.

బందరులో పడవలు చేరేది గిలకలదిండి రేవుకి. అక్కడ చేప కొనే హోటల్ ఏదో ఆటో అబ్బాయిల్ని అడిగితే చెప్తారు. గుడివాడలో సముద్రపు చేపకోసం పట్టుబట్టకండి. అక్కడ చెరువు చేపలే నయం. కొరమీను గాలి పీల్చి బతుకుతుంది కనుక ప్రాణంతోనే అమ్ముతారు.

ఇక దివిసీమ! పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న లంక అది. పండుగప్ప, రొయ్యలు, మడ అడవుల మండపీతలు అక్కడి ప్రత్యేకం. పీత కదులుతుంటేనే తీసుకోండి. అవనిగడ్డలోనో కోడూరులోనో పొద్దున్నే ఒక చిన్న హోటల్లో చెప్పి, హంసలదీవి వెళ్ళండి. ముందు వేణుగోపాలస్వామి దర్శనం, సాగర సంగమం, తర్వాతే చేపల పులుసు! మీరు తిరిగి వచ్చేసరికి పులుసు ముక్కకి పట్టి ఉంటుంది.

ఇంకోమాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో "తాజా వంజరం" అన్నారంటే ఎక్కడిదని అడగండి. చెరువులో పెంచిన పండుగప్ప అయితే నిశ్చింతగా తినొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, నాలుకకి తేడా తెలిస్తే వెంటనే విస్తరి పక్కకి జరపండి. ఎవరేమనుకున్నా సరే! ఆరోజు నేను నోరు విప్పి ఉంటే మా పిల్లకి ఆ బాధ తప్పేది. మొహమాటం మనకి చుట్టం కాదు సుమండీ!