ఒకే ఫోనులో రెండు రేడియోలు

ఇండియాకి వీడియో కాల్ చేస్తే బొమ్మ బాగానే వస్తుంది గానీ, బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మాట మాత్రం ముక్కలు ముక్కలవుతోందని మనలో చాలామంది అంటుంటారు. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

వై-ఫై, బ్లూటూత్ రెండూ ఒకే వీధిలో కాపురం ఉంటాయి. అది 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న వీధి. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఎవరైనా రావచ్చు. మైక్రోవేవ్ ఓవెన్ చప్పుడు కూడా అక్కడే. వై-ఫైకి ఒక్కో చానెల్‌కి సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. హెడ్‌సెట్లలో ఎక్కువగా వాడే బ్లూటూత్ అయితే 1 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 79 గళ్ళలో సెకనుకి 1600 సార్లు గెంతుతుంది, మన తొక్కుడుబిళ్ళ ఆటలాగా.

చిక్కేమిటంటే, ఈ రెండు రేడియోలూ ఫోనులో పక్కపక్కనే ఉంటాయి. వై-ఫై గట్టిగా పంపుతున్నప్పుడు బ్లూటూత్ సన్నని సంకేతం వినాలంటే, పెళ్ళి పందిట్లో బ్యాండుమేళం పక్కన నిలబడి రహస్యం విన్నట్టే.

దీనికి ఇంజనీర్లు రెండు ఉపాయాలు పెట్టారు. మొదటిది, 2003లో బ్లూటూత్ 1.2తో వచ్చింది: రద్దీగా ఉన్న గళ్ళను గుర్తుపట్టి, వాటిని వదిలేసి మిగతా వాటిలోనే గెంతడం. రెండోది వంతులు: ఇప్పుడు నువ్వు, తరవాత నేను అని రెండు రేడియోలూ చిప్ లోపలే మాట్లాడుకుంటాయి. సాధారణంగా మాటకే ముందు వంతు. ఈమెయిల్ కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, ఆలస్యంగా వచ్చిన మాట మాత్రం పనికిరాదు.

మరి ఇన్ని ఉన్నా ఎందుకు తెగుతుంది? వీడియో కాల్‌లో మాట వై-ఫై మీద వచ్చి బ్లూటూత్ మీద చెవికి చేరాలి. రెండూ ఒకేసారి పని చేయక తప్పదు. పైగా అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లు 1, 6, 11 చానెళ్ళన్నీ నింపేస్తే గెంతడానికి చోటుండదు. బ్లూటూత్‌కి కనీసం 20 గళ్ళయినా కావాలి.

మా నాన్నగారికి వినికిడి తక్కువ. హెడ్‌సెట్ పెట్టుకుంటేనే ఊళ్ళో ఉన్న మా అత్తయ్య మాట వినబడుతుంది. మాట తెగితే మళ్ళీ అడగడానికి మొహమాటపడి "ఊఁ, ఊఁ" అంటారు. అందుకే ఇది నాకు చిన్న విషయం కాదు.

చేయవలసింది సులువే. ఫోనుని 5 గిగాహెర్ట్జ్ వై-ఫైకి కలపండి, అప్పుడు 2.4 వీధి బ్లూటూత్‌కి మిగులుతుంది. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం కాబట్టి రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. ఇండియా వెళ్ళినప్పుడూ ఇది గుర్తుంచుకోండి: అక్కడ 4జీ వాడే బ్యాండుల్లో ఒకటి 2300 నుంచి 2400 దాకా, అంటే ఈ వీధి గుమ్మం వరకూ ఉంది. హాట్‌స్పాట్ పెడితే 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టడం మంచిది. ఇవేవీ కుదరకపోతే, మామూలు వైరు ఇయర్‌ఫోను ఉండనే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను ఈ రోజే ఒకసారి చూడండి. సెలవు.