ఒక కారు – ఎనిమిది తరములు

మనుష్యులకువలెనే యంత్రములకును వంశచరిత్ర లుండును. తాత పోలిక మనుమనియందు కనబడునట్లు పాతయంత్రపు పోలిక క్రొత్తయంత్రమున కనబడును. ఒక్కొక్కప్పుడు తాత తలపెట్టి చేయలేకపోయిన పనిని మనుమడు నెరవేర్చును. అమెరికాదేశమున ప్రసిద్ధికెక్కిన షెవర్లే కార్వెట్ అను స్పోర్ట్సు కారు చరిత్ర అట్టిది. దానినే నేడు మీకు మనవి చేయదలచితిని.

స్పోర్ట్సు కారనగా సంసారమంతయు ఎక్కి ప్రయాణము చేయుటకు పనికివచ్చునది కాదు. ఇద్దరికి మాత్రమే చోటుండి, నేలకు దగ్గరగా నుండి, మలుపులలో తొణకక వేగముగా పోవునది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట ఇంగ్లండు కార్లు కొన్ని ఇట్టివి అమెరికాలో ప్రవేశించి యువకుల మనస్సు నాకర్షించెను. జనరల్ మోటార్సు కంపెనీలో కార్లరూపమును దిద్దు శాఖకు అధిపతియైన హార్లీ అర్ల్, స్వదేశముననే అట్టి కారును నిర్మింపవలెనని సంకల్పించెను.

1953 జనవరిలో న్యూయార్కునందలి వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులో దానిని ప్రదర్శించిరి. జూను 30వ తేదీన ఫ్లింట్ పట్టణమున నిర్మాణ మారంభమయ్యెను. ఆ యేడు తయారైనవి 300 మాత్రమే. అన్నియు పైకి తెలుపు, లోపల ఎరుపు. శరీరము ఉక్కురేకు గాక, గాజునారను జిగురుతో కలిపి పోతపోసిన ఫైబర్‌గ్లాసు. చూచినవారు ముగ్ధులైరి. కాని లోపలి ఇంజను 150 అశ్వశక్తి గల ఆరు సిలిండర్లది, గేర్లు రెండే. పైన పటారము, లోన లొటారము అను సామెత మీకు జ్ఞాపకము వచ్చును గదా! 1954లో 3,640 కార్లు చేయగా అనేకము అమ్ముడుపోక నిలిచిపోయెను. 1955లో 700 మాత్రమే చేసిరి. వంశము మొదటి తరముతోనే అంతరించునేమో యనిపించినది.

దానిని నిలబెట్టినవి రెండు. ఫోర్డు కంపెనీవారు 1955లో థండర్‌బర్డ్ అను కారును పోటీకి తెచ్చిరి; ఇక వెనుకంజ వేయుట షెవర్లేవారికి తలవంపు. రెండవది జోరా ఆర్కస్ డంటోవ్ అను ఇంజనీరు. ఆయన రష్యన్ దంపతులకు బ్రస్సెల్సు నగరమున జన్మించినవాడు. న్యూయార్కు ప్రదర్శనలో ఈ కారును చూచి, అందమునకు మెచ్చి, లోపములను గుర్తించి, 1953లోనే ఆ కంపెనీలో ఉద్యోగమున చేరెను. 1955లో 195 అశ్వశక్తి గల ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చెను. 1957 నాటికి అది 283 వరకు పెరిగెను.

1963లో వచ్చిన రెండవ తరమున వెనుకచక్రములకు స్వతంత్రత లభించెను. అంతకుముందు రెండును ఒకే ఇరుసుకు బిగింపబడి యుండుటచే, ఒకటి గుంటలో పడిన రెండవదియు ఒరిగెడిది. ఇప్పు డేచక్రపు కుదుపు దానిదే.

మూడవ తరము 1968 మొదలు 1982 వరకు నడచెను. పొగను అదుపుచేయు చట్టములు వచ్చుటచే 1975లో సాధారణపు ఇంజను శక్తి 165కు దిగజారెను. అయినను 1979లో 53,807 కార్లు తయారయ్యెను. జనులు శక్తినే గాక రూపమునుగూడ కొందురని దీనివలన నాకు తోచుచున్నది. నాలుగవ తరము 1984లో వచ్చెను. 1997లో వచ్చిన అయిదవదానిలో బరువు సమతూకమగుటకై గేర్లపెట్టెను వెనుకకు జరిపిరి. 2005, 2014 సంవత్సరములలో వచ్చిన తరములు ఆ మార్గముననే సాగెను.

డంటోవ్ కోరిక మాత్ర మింకను తీరలేదు. ఇంజను ముందుభాగమున గాక, నడుపువాని వెనుక నుండవలెనని ఆయన పట్టుదల. కారణము తెలుపుటకు కావడిని తలచుకొనుడు. రెండుకొనల కుండలున్న కావడిని మోయుచు గిరుక్కున తిరుగుట కష్టము. ఆ కుండలనే రొమ్మున కదుముకొనిన సులభముగా తిరుగవచ్చును. అట్లే బరువు నడుమకు చేరినకొలదియు కారు మలుపులలో చెప్పినమాట వినును. అంతియేగాక, కారును తోయునవి వెనుకచక్రములు గనుక, వానిపై బరువు పడినచో అవి నేలను గట్టిగా పట్టుకొనును. 1960లోనే ఆయన అట్టి ప్రయోగపుకారు నొకదానిని చేసి చూపెను. కాని ముందు ఇంజను గల కార్లే చక్కగా అమ్ముడగుచుండగా ఇంత వ్యయమునకు కంపెనీవారు సమ్మతింపలేదు. ఆయన 1975లో ఉద్యోగము విరమించి, 1996లో మరణించెను. ఆయన చితాభస్మము కెంటకీ రాష్ట్రమున, ఈ కార్లు తయారగు బౌలింగ్ గ్రీన్ పట్టణపు కార్వెట్ ప్రదర్శనశాలలో నున్నది.

2019 జులై 18వ తేదీన ఎనిమిదవ తరమును లోకమునకు చూపిరి. ఇంజను నడుపువాని వెనుకనే యున్నది! కోరినవాడు గతించిన యిరువదిమూడేండ్లకు కోరిక ఫలించినది. అయితే కాలితో క్లచ్చి నొక్కి చేతితో గేరు మార్చుకొను పద్ధతి ఈ తరమున పోయినది. అందుకు చింతించువారును కలరు.

ఇన్ని మారినపిమ్మట ఇది ఆ కారేనా యని మీ రడుగవచ్చును. ఇద్దరికే చోటు, ఉక్కురేకు కాని శరీరము మొదటినాటినుండి నిలిచినవి. ఎనిమిది సిలిండర్ల ఇంజను 1955లో చేరి నేటివరకు విడువలేదు. నా మట్టుకు నేను, డంటోవ్ ఆ హోటలులో నిలిచి దేనిని చూచి మెచ్చెనో, దేనికి నొచ్చుకొనెనో ఆ రెండును కలిసియే ఈ వంశమును నడిపినవని యనుకొందును.