మీకు తెలుసా? అరువదినాలుగు అరువదియైదగు చమత్కారము

ఎనిమిదేసి గళ్ల కొలతగల చదరపు అట్టను మూడు గళ్ల, అయిదు గళ్ల పట్టీలుగా విభజించి, చిన్న పట్టీని మూలనుండి మూలకు కోసి రెండు త్రిభుజములను, పెద్దదానిని ఏటవాలుగా కోసి రెండు సమలంబ చతుర్భుజములను చేసి, ఆ నాలుగు ముక్కలనే 13 గళ్ల పొడవు, 5 గళ్ల వెడల్పుగల దీర్ఘచతురస్రముగా పేర్చినచో, 64 గళ్లకు మారుగా 65 కానవచ్చును. జర్మను గణితవేత్త ఆస్కర్ ష్లోమిల్ఖ్ దీనిని 1868లో ప్రకటించెను. అదనపు గడి యెక్కడిది? త్రిభుజపు వాలు 8కి 3, సమలంబ చతుర్భుజపు వాలు 5కి 2. ఈ స్వల్పభేదమువలన కర్ణము పొడవున నొక సన్నని సందు మిగులును. దాని వెడల్పు గడిలో ఎనిమిదవ వంతునకు మించదు గాని, వైశాల్యము సరిగా ఒక గడియే! సన్నని దారమును కర్ణము వెంట బిగించి పట్టినచో గుట్టు బయటపడును.

చింతపల్లి కొండవాలులందలి కాఫీతోటలలో వైశాల్యము మరియొక తీరున కన్నును భ్రమింపజేయును. భూమికొలతలో వాలు వెంబడి పొడవును గాక సమతలముపై బడు దూరమునే గణింతురు గనుక, 30 డిగ్రీల వాలున పటములో ఎకరమైన నేల, నడచి కొలిచినచో సుమారు 1.15 ఎకరములగును. ఈ అదనము మాత్రము నిజమైనదే.