సంఘం లెక్కల్లో 500, 50 కలిస్తే 50050 ఎందుకవుతుంది?

మన తెలుగు సంఘాల సభ్యత్వ పుస్తకాలు ఒక్కొక్కటిగా వెబ్‌సైట్లలోకి చేరుతున్నాయి. చాలాచోట్ల ఆ పని మన పిల్లలే చేసిపెడుతున్నారు. వారు వాడే భాషల్లోని ఒక గుణాన్ని పెద్దలం కూడా తెలుసుకోవడం మంచిదని మేము భావిస్తున్నాము.

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశారు. అందులో ఒక పేరు కింద సంఖ్య పెట్టినా, అక్షరాలు పెట్టినా అడ్డు చెప్పదు. రాయడం సులువే, చిక్కు కూడా అక్కడే. ఫారంలో మనం నింపిన 500 మామూలుగా అక్షరాల వరుసగానే చేరుతుంది. చందా 500, బకాయి 50 అలాగే కూడమంటే 550 రాదు. రెండూ పక్కపక్కన అతికి 50050 అవుతుంది. తీసివేయమంటే మాత్రం 450 అని సరిగ్గానే చెబుతుంది. ఎర్రర్ ఏదీ రాదు కనుక తప్పు వెంటనే కంటబడదు.

పాత రిజిస్టర్లలో ప్రతి గడికీ పైన శీర్షిక ఉండేది. రొక్కం గడిలో పేరు రాస్తే ఆడిటరు పట్టుకునేవారు. 'టైపు' అంటే అలాంటి శీర్షికే. 2012లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్‌లో చందా అంటే నంబర్ అని ముందే రాసుకోవచ్చు. అక్కడ అక్షరాలు పెట్టేలా రాస్తే, ప్రోగ్రామ్ నడవకముందే తప్పు చూపుతుంది. ఇది తప్పనిసరి కాదు. పాత ప్రోగ్రామ్‌లో ముందు డబ్బు లెక్కలకు టైపులు రాసి, మిగిలినవి మెల్లగా చేర్చుకోవచ్చు. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీలో కూడా 2015లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి సంఖ్యలకు, అక్షరాలకు ఈ వీలుంది.

అయితే టైప్‌స్క్రిప్ట్ కాపలా ప్రోగ్రామ్ నడిచేముందు వరకే. నడిచేటప్పుడు ఆ టైపులు ఉండవు. కాబట్టి సభ్యులు నింపినదాన్ని పరీక్షించి, సంఖ్యగా మార్చే పని విడిగా రాయాలి.

ఇంకొక మాట. అంకెల్లో కనిపించేదంతా సంఖ్య కాదు. సభ్యత్వ నంబరు 0042ను సంఖ్యగా మారిస్తే 42 మిగులుతుంది. ఫోన్ నంబర్లను ఎవరూ కూడరు, తీసివేయరు. ఇలాంటివి అక్షరాలుగానే ఉంచాలి.

సైటు చేసే పిల్లలను రెండు అడుగుదాం: డబ్బు గడులకు టైపు రాశారా? నింపినది పరీక్షిస్తున్నారా? రసీదు తప్పితే చందా కట్టిన ఇల్లు జావాస్క్రిప్ట్‌ను అడగదు, సంఘాన్నే అడుగుతుంది.